కాటా భాషలో మూడు ప్రశ్నలు

చిలకలూరిపేట దాటాక హైవే పక్కనున్న ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో నాకొక కుర్చీ ఉంది. ఉద్యోగం లేదు, కుర్చీ మాత్రమే. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. నా భార్య రెబ్కా పోయాక, పొద్దున్నే చర్చి దాకా నడిచి, తిరిగి ఇంటికి వెళ్ళబుద్ధి కాక హైవే వెంట అలాగే ముందుకు పోయేవాణ్ణి. ఒకరోజు స్టోరేజీ ఓనరు శ్యామ్ సుందర్ గేటు దగ్గర ఆపి, "ఎండలో ఎందుకు మాస్టారూ, లోపల కూర్చోండి. మాకూ ఒక పెద్దమనిషి ఉన్నట్టుంటుంది" అన్నాడు. మర్నాడు వెళ్ళేసరికి కుర్చీ మీద దిండు కూడా ఉంది. అది ఎవరు పెట్టారో ఇప్పటికీ నాకు తెలియదు.

కుర్చీకి ఎదురుగా కంప్యూటరు ముందు కూర్చునేది స్తుతి. ఒకప్పుడు నా క్లాసులో రెండో బెంచీ. హైదరాబాదులో కొన్నాళ్ళు పనిచేసి వచ్చి, ఇప్పుడు ఈ స్టోరేజీకి కావలసిన ప్రోగ్రాములు రాస్తోంది. రాయడమంటే ఉన్న భాషలో రాయడం కాదు. భాషనే తయారు చేసుకుంది. దాని పేరు కాటా. మా వైపు తూకం వేసే యంత్రాన్ని కాటా అంటారు.

"ఉన్న భాషలు చాలవా అమ్మా?" అని అడిగాను మొదట్లో.

"చాలా ఉన్నాయి సర్. కానీ ఇక్కడ సీజనుకోసారి రూల్స్ మారతాయి. ప్రతిసారీ నేనే మార్చాలంటే నేను చచ్చేదాకా ఇక్కడే ఉండాలి. గుమాస్తా చదివి తనే మార్చుకోగలగాలి."

అలా పుట్టింది కాటా. తెలుగు మాటలు, కాసిని గుర్తులు. ఆమె రాసిన ప్రతి పేజీ ప్రింటు తీసి నాకిచ్చేది. "మీకు ప్రోగ్రామింగ్ రాదు గనకే మీకిస్తున్నా. మీరు చదివి అర్థమైందంటే బాగున్నట్టు" అనేది. ఇంతకన్నా మర్యాదగా ఎవరూ నా అజ్ఞానాన్ని వాడుకోలేదు.

కాటాలో రెండిటిని పోల్చడానికి ఒకటే గుర్తు ఉండేది, మనం లెక్కల్లో వాడే సమానం గుర్తు. బరువూ బరువూ సమానమా, రకమూ రకమూ సమానమా, ఈ టిక్కీ ఆ టిక్కీ సమానమా. మిరపకాయల బస్తాని ఇక్కడ టిక్కీ అంటారు. అన్నిటికీ అదే గుర్తు. స్తుతికి దాని మీద ప్రేమ. "ఎంత తక్కువ నేర్చుకోవాల్సొస్తే అంత మంచిది సర్" అనేది.

ఆ గుర్తులో నాకు నచ్చిన సంగతులు వేరే ఉన్నాయి. ఒకసారి గుమాస్తా బరువు రాయాల్సిన చోట రైతు పేరు రాశాడు. కొన్ని భాషలైతే ఏదో ఒకటి ఊహించుకుని అవుననో కాదనో చెప్పేస్తాయట. కాటా ఆగిపోయి, "బరువునీ పేరునీ పోల్చలేను" అని తెర మీద చూపించింది. గుమాస్తా విసుక్కున్నాడు. నాకైతే తెలియని ప్రశ్నకి తెలిసినట్టు జవాబు రాయని విద్యార్థి గుర్తొచ్చాడు. అలాంటివాళ్ళు నా సర్వీసు మొత్తంలో ఎక్కువమంది లేరు.

ఇంకోసారి కరెంటు లేక తూకం పడని టిక్కీలు కొన్ని వచ్చాయి. వాటి బరువు దగ్గర "తెలియదు" అని పడింది. "మరి తెలియనిదీ తెలియనిదీ సమానమేనా?" అని అడిగాను, ఆటపట్టిద్దామని.

స్తుతి ఆ ప్రశ్నని కాగితం మీద రాసుకుని ఇంటికెళ్ళింది. మర్నాడు వస్తూనే, "సమానం అనకూడదు సర్. కాదు అని కూడా అనకూడదు. దానికీ జవాబు 'తెలియదు' అనే పెట్టా" అంది.

రెబ్కా పోయిన కొత్తలో చాలామంది, నీ బాధ నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఇలాగే జరిగింది అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఒక్క పాస్టరుగారి భార్య మాత్రం నా పక్కన కూర్చుని, మీకెలా ఉందో నాకు తెలియదన్నయ్యా, అన్నం తెచ్చాను అంది. ఆ పూటే నేను సరిగ్గా తిన్నాను. స్తుతి పెట్టిన జవాబు వింటే ఆ అన్నం గుర్తొచ్చింది.

నిరుడు జూలైలో ఒక పొద్దున బసవమ్మ వచ్చింది. నాదెండ్ల వైపు రైతు. వేసవిలో పది టిక్కీలు స్టోరేజీలో పెట్టింది, వాటిలో తొమ్మిది గుంటూరు వ్యాపారికి అమ్మింది, మిగిలిన ఒక్కదాన్నీ ఇంటికి తీసుకుపోవడానికి ఆటో కట్టించుకుని వచ్చింది. హమాలీల మేస్త్రీ సుభానీ ఆ టిక్కీని మోసుకొచ్చి వరండాలో దించాడు. బసవమ్మ దాని మీద రెండు అరచేతులూ ఆనించి గట్టిగా నొక్కింది. పక్కకి తిప్పి మళ్ళీ నొక్కింది.

"ఇది నాది కాదు."

"నీదే పెద్దమ్మా, కంప్యూటరు చెప్పింది" అన్నాడు సుభానీ.

"కంప్యూటరు పొలం దున్నిందా? నాది కాదంటుంటే."

స్తుతి లేచి బయటికి వచ్చింది. "ఏమైంది పెద్దమ్మా? రకం అదే, గ్రేడు అదే, బరువు కూడా సరిపోయింది. ఏం తేడా ఉంది?"

బసవమ్మ అటూ ఇటూ చూసింది. ఆటో డ్రైవరు టీ బడ్డీ దగ్గరున్నాడు. గొంతు తగ్గించింది. ఆమె తగ్గిస్తే మామూలు మనిషి మాట్లాడినట్టుంటుంది. "దాంట్లో విత్తనం ఉందమ్మాయ్. మా అత్త కాడినుంచీ వస్తున్న విత్తనం. విత్తనక్కాయలు చీర ముక్కలో మూటగట్టి టిక్కీ మధ్యలో పెట్టా. ఇంట్లో పెడితే పురుగు పడుద్ది. ఇక్కడ చల్లగుంటే మొలక పోదు."

"మరి చెప్పొచ్చుగా, వేరే గుర్తు పెట్టేవాళ్ళం."

"గుర్తు పెడితే విత్తనమని అందరికీ తెలిసిద్ది. తెలిస్తే గుప్పెడు పెట్టమంటారు. విత్తనం అడిగినోళ్ళని కాదనగూడదు. నిరుడు అట్టాగే పంచీ పంచీ నారుమడికి చాలక కొనుక్కొచ్చి పోశా. అందుకే ఈ ఏడు నోరు మూసుకున్నా." ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుంది. "నారుమడి దున్ని పెట్టి వచ్చా. వానలు పడ్డయ్. ఈ నాలుగు రోజుల్లో పొయ్యకపోతే ఈ ఏడు మా విత్తనం లేదు. ఈ ఏడు లేకపోతే ఇంకెప్పుడూ లేదు. నా కాడ తప్ప ఎవరి కాడా లేదది."

"పంచావుగా, వాళ్ళ కాడ ఉండదా?" అన్నాడు సుభానీ.

"వాళ్ళు ఎండుకాయ మొత్తం అమ్ముకున్నారు."

స్తుతి లోపలికి వెళ్ళి తెర వంక చూస్తూ నిలబడిపోయింది. జరిగింది ఆమెకి క్షణంలో అర్థమైంది, నాకు చెబితే అర్థమైంది. వ్యాపారి తొమ్మిది టిక్కీలు కొన్నప్పుడు, ఏ తొమ్మిదిని బయటికి తీయాలన్నది కాటానే చెప్పింది. రకమూ గ్రేడూ బరువూ సమానమైతే దాని దృష్టిలో రెండు టిక్కీలూ ఒకటే. కాబట్టి టిక్కీల ఎత్తు మీదకి ఎక్కాల్సిన అవసరం లేకుండా, తలుపుకి దగ్గరున్న టిక్కీలని చూపించింది. ఆ పద్ధతి వచ్చాక హమాలీలకి నడుము నొప్పులు తగ్గాయి. సుభానీ ఆ రంజానుకి స్తుతికి సేమ్యా తెచ్చిచ్చాడు. అదే పద్ధతి బసవమ్మ విత్తనాన్ని వ్యాపారి సరుకులో కలిపేసింది. వ్యాపారి మనుషులు పాత సుద్ద నంబర్లు తుడిచి తమ మార్కా వేసుకున్నారు. సరుకంతా ఇంకా మా ఛాంబరులోనే ఉంది. కానీ మధ్యాహ్నం లారీ వస్తుంది.

శ్యామ్ సుందర్ విషయం విని కణత నొక్కుకున్నాడు. "వ్యాపారి సరుకు స్తుతీ. మూతి కుట్టిన టిక్కీ ఒక్కటి విప్పినా ఊరుకోడు. రెండొందల పైన ఉన్నయ్. ఎన్నని దించుతావు?"

"విప్పం సర్. ఏది దించాలో నేను చెబుతా."

బసవమ్మకి ఒక సంగతి గుర్తుంది. మూట ఉన్న టిక్కీని తూకం కాటా మీద అన్నిటికన్నా చివర పెట్టించింది. వేసవి రికార్డులో ఆమె చివరి టిక్కీ బరువు నలభై రెండున్నర కిలోలు. వ్యాపారి పేరు మీదకి మారినప్పుడు ప్రతి టిక్కీనీ మళ్ళీ తూచారు. కనుక స్తుతి, ఇప్పుడు సరిగ్గా నలభై రెండున్నరకి సమానమైనవి ఏవని అడిగింది. కాటా రెండు చూపించింది.

ఛాంబరు లోపల చలి ఎముకలు పట్టుకుంటుంది. తలుపు పక్క మేకుకి నా స్వెటర్ వేలాడుతూ ఉంటుంది, రెబ్కా అల్లినది. నేను మర్చిపోతానని సుభానీ దాన్ని అక్కడే ఉంచుతాడు. ఆ పూట దాన్ని బసవమ్మకి ఇచ్చాను. చీర మీద వేసుకుని, చేతులు పొడుగైతే మడుచుకుని లోపలికి నడిచింది. సుభానీ మనుషులు రెండు టిక్కీలూ దించారు. ఆమె నొక్కి చూసింది. రెండూ కాదు.

బయటికి వచ్చాక ఆమె మళ్ళీ ఆ మెట్టు మీదే కూర్చుంది. అరిచి ఉంటే బాగుండేది.

స్తుతి వేళ్ళు విరుచుకుంది. "సరిగ్గా సమానం సర్. గ్రాము తేడా లేదు. అయినా కాదు."

అప్పుడు నాకు నా పాత పాఠం గుర్తొచ్చింది. "బసవమ్మగారూ, టిక్కీలకి ఎత్తేముందు కాయ మీద నీళ్ళు చల్లించారా?"

"చల్లకపోతే ఎట్టా మాస్టారూ, తొక్కితే నుగ్గైపోద్ది గదా."

"మూట ఉన్నదానికి?"

"దానికి చల్లనిస్తానా? మూట తడిసిపోదూ? అది మళ్ళీ రెండెండలు ఎక్కువ ఎండబెట్టా. పట్టుకుంటే గలగలలాడింది."

స్తుతి నా వంక తిరిగింది. తడి ఉన్నది ఆరుతుంది, బరువు తగ్గుతుంది. ఎముకలా ఎండినది చుట్టూ ఉన్న తేమని కొంచెం తాగుతుంది, బరువు పెరుగుతుంది. ఇన్ని నెలల తర్వాత కూడా సరిగ్గా అంతే బరువున్న టిక్కీ ఏదైనా ఉంటే, అది బసవమ్మది కాకపోవడానికే ఎక్కువ అవకాశం. ఆమె టిక్కీ మారి ఉంటుంది. మారింది గనకే అది అదే.

"నేను తప్పు ప్రశ్న అడిగాను" అంది స్తుతి నెమ్మదిగా. వెంటనే కూర్చుని రాయడం మొదలుపెట్టింది. నలభై రెండున్నర కంటే ఎక్కువ ఉండాలి, కానీ ఆ ఎక్కువ ఒక కిలోకి మించకూడదు, రకం ఇది, బసవమ్మ సరుకు వ్యాపారి పేరు మీదకి మారిన రోజునే మారినది అయుండాలి. ఒక్కో షరతుకీ ఒక్కో వరుస, వాటి మధ్య "అయితే మరియు", "అయితే మరియు". చదువుతుంటే ముళ్ళకంపలో నడిచినట్టుంది. ఆమె కాటా ఎప్పుడూ అంత వికారంగా లేదు. కానీ తెర మీద ఐదు టిక్కీలు మిగిలాయి.

నాలుగోదాన్ని నొక్కుతూనే బసవమ్మ చేతులు ఆగిపోయాయి. మళ్ళీ నొక్కింది. "కొబ్బరికాయలాగా తగులుతుంది చూడు" అని స్తుతి చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. స్తుతి తల ఊపింది. నేనూ చెయ్యి పెట్టి చూశాను. కాయల మెత్తదనం వెనక ఎక్కడో గట్టిగా ఒక ముడి.

శ్యామ్ సుందర్ వ్యాపారికి ఫోను చేశాడు. వరండాలో ఉన్న టిక్కీ వ్యాపారి సరుకులోకి, ఈ టిక్కీ బసవమ్మకి. అవతలి నుంచి వినపడింది, "ఏదైతే నాకేందండీ, రకం అదేగా, తూకం సరిపోయిద్దిగా" అని. ఆయన చెప్పిందీ నిజమే. ఆ రెండు టిక్కీలూ ఆయనకి ఒకటే, బసవమ్మకి కావు. లారీ వచ్చేసరికి రెండూ తమ తమ చోట్లలో ఉన్నాయి.

ఆటోకి ఎక్కిస్తూ సుభానీ కండువా చెంగు పట్టాడు. "పెద్దమ్మా, మా మామ పొలం ఎకరం ఉంది. గుప్పెడు."

"చూశావా అమ్మాయ్" అంది బసవమ్మ స్తుతితో. "ఇందుకే చెప్పలా."

గుమాస్తా కూడా కవరు తెచ్చుకున్నాడు. ఆటో డ్రైవరు, టీ బడ్డీ నడిపే నసీమున్నీసా కూడా వచ్చారు. బసవమ్మ అక్కడే టిక్కీ మూతి విప్పి, మూట బయటికి తీసి, తిట్టుకుంటూనే అందరికీ తలా కాస్త పెట్టింది. "ముందర నా మడికి ఉండనియ్యండిరా" అంటూనే పెట్టింది. స్వెటర్ విప్పి నాకిస్తూ, జేబులో చెయ్యి పెట్టి చూడమంది. జేబులో నాలుగు కాయలున్నాయి. నేను అడగలేదు.

ఆ వారమంతా స్తుతి కాటా ప్రింట్లు ముందేసుకుని కూర్చుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర చెప్పుల గుట్ట ముందు నిలబడి ఉంటే వెళ్ళి పలకరించాను.

"వెతుకుతున్నావా?"

"లేదు సర్, చూస్తున్నా. చెప్పుల కొట్లో ఏమడుగుతాం? ఏడో నంబరు, నల్లవి, మడమ లేనివి. ఏ జత వచ్చినా ఫర్వాలేదు. ఇక్కడ అలా అడగం. ఇక్కడ నావి కావాలి, అరిగిపోయినా నావే. ఇవి రెండూ ఒకే ప్రశ్న అని నేనెలా అనుకున్నాను?"

"ఇంకోటి కూడా ఉంది. పిల్లలు పాదం పాదం ఆనించి, నీదీ నాదీ ఒకే సైజా అని చూసుకుంటారే."

ఆమె నవ్వింది. "మూడు. మూడే ఉంటాయి సర్."

తర్వాతి నెలంతా ఆ మూడింటి మీదే పనిచేసింది. సమానం గుర్తుని కాటాలోంచి పూర్తిగా తీసేసింది. దాని స్థానంలో మూడు మాటలు పెట్టింది. "అంతేనా" అంటే కొలతకి కొలత. "అదేనా" అంటే ఆ ఒక్కటేనా, ఇంకోటి కాదా అని. మూడోది "అలాంటిదేనా". దాన్ని చూసి నేను చాలాసేపు ప్రింటు కాగితం వదల్లేదు.

అలాంటిదేనా అన్న మాటకి కుడివైపున ఏది పెడితే అదే, ఎలా పోల్చాలో నిర్ణయిస్తుంది. కుడివైపు ఒక రకం పేరుంటే రకం చూస్తుంది. ఇంత నుంచి ఇంత లోపు అని ఉంటే ఆ హద్దుల్లో ఉందా అని చూస్తుంది. ఒక వర్ణన మొత్తం ఉంటే, ఫలానా రకం, ఇంత నుంచి ఇంత బరువు, ఫలానా రోజున మారినది అని, ఒక్కో భాగాన్నీ దాని పద్ధతిలో దాన్నే చూసుకోమంటుంది. ఆ రోజు ముళ్ళకంపలా ఉన్న వరుసలన్నీ ఒకే వాక్యమయ్యాయి. చదివితే బసవమ్మ తన టిక్కీని వర్ణించినట్టే ఉంది. అడిగేవాడు అన్నీ విడమర్చక్కర్లేదు, ఏం కావాలో చెబితే చాలు. మిగతా బాధ్యత భాషది. పరీక్ష పేపరు తయారుచేసే రోజుల్లో నేను ఎంత ప్రయాసపడ్డా అంత శుభ్రమైన ప్రశ్న ఒక్కటీ రాయలేకపోయాను.

శ్యామ్ సుందర్‌కి మాత్రం నచ్చలేదు. "ఒక గుర్తుతో అయ్యేదానికి మూడు మాటలేంటి? పాతది కూడా ఉంచు, ఎవరికి తెలిసింది వాళ్ళు వాడతారు."

"ఉంచితే అందరూ అదే వాడతారు సర్, నాతో సహా. చేతికి దగ్గరగా ఉంటుంది గదా. ఏ పోలిక కావాలో ఒక్క క్షణం ఆలోచించి రాయాలి. ఆ ఒక్క క్షణం కోసమే తీసేశా."

"గుమాస్తా తిడతాడు."

"తిట్టనీయండి."

గుమాస్తా రెండు రోజులు తిట్టాడు. మూడో రోజున వరండాలో సుభానీతో, "నీకు అలాంటిది కావాలా, అదే కావాలా, సరిగ్గా చెప్పు" అని దబాయిస్తుంటే విని స్తుతి తల వంచుకుని నవ్వుకుంది.

హమాలీల నడుముల సంగతీ ఆమె మర్చిపోలేదు. రైతు తన సరుకుని పెట్టేటప్పుడే ఒక మాట చెప్పాలి: అలాంటిది తిరిగిచ్చినా ఫర్వాలేదా, లేక అదే కావాలా. ఎక్కువమంది మొదటిదే చెబుతారు, వాళ్ళకి తలుపు దగ్గర టిక్కీ ఇస్తారు. అదే కావాలన్న టిక్కీకి కాటా లోపల మాత్రం ఒక గుర్తింపు పుడుతుంది. మార్కా మారినా, బరువు మారినా, చేతులు మారినా అది పోదు. పైన గోనె మీద మాత్రం ఏమీ ఉండదు. అన్ని టిక్కీల్లాగే ఉంటుంది. ఆ చివరి సంగతి గురించి స్తుతి ఎవరికీ చెప్పలేదు, ప్రింటులో చదివి నేనే గ్రహించాను. బసవమ్మ కోసం అలా పెట్టింది.

ఈ ఏడు మార్చిలో బసవమ్మ మళ్ళీ సరుకు తెచ్చింది. ఏమైనా చెప్పేదుందా అని గుమాస్తా అడిగితే, అన్నీ మామూలు కాయలే, ఒక్కదాన్ని మాత్రం అదే కావాలని రాసుకో అంది. ఎందుకని అతను అడగలేదు. ఏదో అడగబోతున్నట్టు నోరు తెరిచి, నన్ను చూసి, మూసుకున్నాడు.

మొన్న జూలైలో తీసుకుపోవడానికి వచ్చింది. సుభానీ ఎత్తు మీదకి ఎక్కి, మధ్య వరసలోంచి ఒక టిక్కీని వెతికి దించి తెచ్చాడు. స్తుతి తెర మీద అడిగింది, కాటా అదే అంది. బసవమ్మ అప్పటికే రెండు అరచేతులూ టిక్కీ మీద ఆనించి నొక్కుతోంది.

"కంప్యూటరు చెప్పిందిగా పెద్దమ్మా" అన్నాడు సుభానీ.

"చెప్పింది. నేనూ అడగాలి గదా."

ఆమె చేతులు ఒకచోట ఆగాయి. లేచి చీర దులుపుకుంది. సుభానీ టిక్కీ భుజానికెత్తుకుని ఆటో దాకా నడిచాడు. గుమాస్తా కిటికీలోంచి చూస్తున్నాడు. నసీమున్నీసా టీ వడబోస్తూ చూస్తోంది. అందరికీ తెలుసు.

"ఏముంది పెద్దమ్మా ఇందులో, ఇంత బరువుంది?" అన్నాడు సుభానీ, ఆటోలో దించుతూ.

"మిరపక్కాయలురా. ఇంకేం ఉంటయ్?"

"అంతేలే" అన్నాడు వాడు, కండువా భుజాన వేసుకుంటూ. చెంగు పట్టలేదు. ఎవరూ పట్టలేదు. ఆటో హైవే ఎక్కి నాదెండ్ల వైపు తిరిగేదాకా బసవమ్మ వెనక్కి తిరిగి మమ్మల్ని చూస్తూనే ఉంది, ఎవరైనా అడుగుతారేమో అన్నట్టు.